అరుణాచల దీపానికి టికెట్ తీసుకునే ముందు

అరుణాచలం కొండ మీద వెలిగించే మహాదీపం చూడాలని, మన కార్తిక పౌర్ణమి తేదీ చూసి తిరువణ్ణామలైకి (అరుణాచలానికి) టికెట్లు తీసుకోకండి. మన కార్తికం చాంద్రమానం, తమిళుల కార్తిగై సౌరమానం. వారు సూర్యుడు వృశ్చికంలో ఉండగా వచ్చే కృత్తికా నక్షత్రాన్ని చూస్తారు. 2024లో మన పౌర్ణమి నవంబరు 15న వస్తే, కొండ మీద మహాదీపం వెలిగింది డిసెంబరు 13న! ఎంతో ఆశతో వెళ్లి దీపం లేని కొండను చూసి తిరిగి రావడం చాలా బాధగా ఉంటుంది. అందుకే తమిళ పంచాంగంలో తేదీ సరిచూసుకోండి.

పెద్దలు, చిన్నపిల్లలు వెంట ఉంటే నా సలహా ఒకటే: ఆ రోజు వద్దు. దీపం 11 రోజుల పాటు వెలుగుతుంది. మూడు నాలుగు రోజులు ఆగి వెళితే రద్దీ తగ్గుతుంది, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ కూడా ప్రశాంతంగా సాగుతుంది. రాత్రి నడుస్తూ తలెత్తితే శిఖరాన ఆ జ్యోతి కనిపిస్తూనే ఉంటుంది.

అయితే అర్ధనారీశ్వర దర్శనం కావాలంటే మాత్రం ఆ సాయంత్రమే ఉండాలి. ఆరు గంటలకు దీపం వెలిగించే ముందు స్వామి బయటకు వచ్చేది కొద్ది నిమిషాలే.