పూడికమట్టిలో తాంబేలు బయటపడితే: ఏ చెరువుది ఆ చెరువుకే

ఎండాకాలం చెరువు ఎండితే తాబేలు శిఖంలోని (చెరువు అడుగు నేలలోని) బురదలో దూరి వానలదాకా కదలకుండా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం పూడిక తీస్తాం. జేసీబీ తడిమట్టి ఎత్తే కాడ ఒకరు, ట్రాక్టర్ చెలకలో కుమ్మరించే కాడ ఇంకొకరు నిలబడి చూడాలి. ఎక్కువగా దొరికేది మెత్తని డిప్ప తాబేలే. కాళ్లు ముడుచుకోగానే కడుపు కింద రెండు తోలు మడతలు తలుపుల్లెక్క మూసుకుంటాయి.

డిప్పను వెనకకాళ్ల దగ్గర రెండు పక్కలా రెండు చేతులతో పట్టుకోండి. మెడ పొడుగు, వెనక్కి తిప్పి కరుస్తుంది. తోక పట్టి లేపొద్దు.

మూతకు బొక్కలున్న టబ్బులో అదే చెరువు తడిమట్టి నాలుగు వేళ్ల మందం పోసి, తాబేలును పెట్టి, తడిపిన గోనెసంచి కప్పి నీడలో ఉంచండి. నీళ్లు నింపొద్దు, మగతలో ఉన్నది తల ఎత్తలేక మునిగి చస్తుంది. మేత అక్కర్లేదు. చేతులు సబ్బుతో కడుక్కోండి.

అదే రోజు చల్లబడ్డాక అదే చెరువులో, తవ్వని తడి అంచున వదలండి. చెరువంతా తవ్వేస్తుంటే, మత్తడి (అలుగు) నీళ్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోయే ఆ గొలుసు చెరువుల్లోనే పక్కదాంట్లో వదలండి. ఇందులో మాత్రం రాజీ పడొద్దు. వానాకాలం మత్తడి దుంకినప్పుడు తాబేళ్లు ఒక చెరువు నుంచి ఇంకోదానికి పోతాయి, వాటి జన్యువులు కలిసేది ఆ నీటి దారినే. ఓరుగల్లు దిక్కు చెరువులే చూడండి: పాకాల నీళ్లు మున్నేరుగా కృష్ణకు పోతాయి, రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరికి. బండి మీద దగ్గరే అయినా నీటి దారిలో ఇవి రెండు లోకాలు. పాకాల తాబేలును రామప్పలో వేస్తే, వేర్వేరుగా ఎదిగిన వంశాలు కలగాపులగం కావచ్చు, రోగాలూ వెంట పోతాయి. పుణ్యమని గుడి కోనేట్లో వేయడం ఇంకా చేటు. బయటి జత లేక, ఉన్న కొన్నే తమలో తాము జతకట్టి, తరాలు గడిచేకొద్దీ పిల్లలు బలహీనమవుతాయి. అక్వేరియం షాపులో కొన్న ఎర్రచెవి తాబేలునైతే (అది విదేశీ జాతి) ఏ చెరువులోనూ వదలొద్దు.

దున్నేటప్పుడు గుడ్లు కనిపిస్తే మట్టి కప్పేయండి. తీయక తప్పకపోతే పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తిప్పకుండా అదే లోతులో పాతండి. తిరగబడితే లోపలి పిండం చనిపోవచ్చు.

డిప్ప పగిలితే ఎంసీల్, ఫెవిక్విక్ పూయొద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి. చచ్చినదాన్నీ పారేయొద్దు. వీపు, కడుపు, తల ఫొటోలు తీసి, చెరువు పేరు, ఊరు, తేదీ రాసి వాళ్లకే అప్పగించండి. ఎండిన డిప్ప ముక్కలోంచి కూడా డీఎన్ఏ తీయొచ్చు, హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థకు చెందిన, అంతరించిపోతున్న జంతువుల కోసం పనిచేసే లాకోన్స్ ల్యాబ్ అలాంటి పరీక్షలు చేస్తుంది. ఏ చెరువుదో తెలియని ముక్క మాత్రం ఏ చెరువులో ఏ వంశం ఉందో తెలుసుకునే పనికి పెద్దగా అక్కరకు రాదు.