ఎంబీబీఎస్ వెబ్ ఆప్షన్లు: ఏ కాలేజీ పైన, ఏది కింద

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీల వరుస, పెట్టుకోవడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. ఆ హడావుడిలో చాలామంది పోయినేడాది కటాఫ్‌లు ముందేసుకుని, ఎక్కడ సీట్లు ముందుగా నిండాయో ఆ కాలేజీనే పైన పెట్టేస్తారు. అది ఊరందరి వరుస, మీది కాదు. ర్యాంకు రాకముందే ఒక కాగితం మీద ప్రతి కాలేజీకీ నాలుగు గళ్లు గీసుకోండి: మొత్తం ఖర్చు, రోగులు, ఊరు, పేరు. చూడాల్సిన క్రమం కూడా అదే.

ఖర్చులో ఏడాది ఫీజు ఒక్కటే చూస్తే మోసపోతారు. చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ (ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్). కొన్నిచోట్ల అయిదేళ్ల ఫీజు వసూలు చేస్తారు. ఏడాదికి 12 లక్షల సీటైతే ఆ అర్ధ సంవత్సరమే 6 లక్షలు. ఎన్ని వాయిదాలో, హాస్టల్, మెస్, డిపాజిట్ ఎంతో చేరకముందే కాగితం మీద రాయించుకోండి.

అప్పు చేసి చేర్పించేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఏటా 12 లక్షల చొప్పున అయిదుసార్లు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం, కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకు ఈఎంఐ లేదు, అప్పటిదాకా సాధారణ వడ్డీ అనుకుందాం. మొదటి 12 లక్షల మీద ఆరున్నరేళ్ల వడ్డీ, చివరి 12 లక్షల మీద రెండున్నరేళ్ల వడ్డీ పడుతుంది. అంతా కలిపితే వడ్డీయే 27 లక్షలు. తీసుకున్న 60 లక్షలు 87 లక్షలై కూర్చుంటుంది. పదిహేనేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 93,500 రూపాయలు. ఈఎంఐ మొదలయ్యే నాటికి మీ అబ్బాయో అమ్మాయో పీజీ ఎంట్రన్స్ పుస్తకాల ముందే ఉండే అవకాశం ఎక్కువ. అంటే కట్టాల్సింది తల్లిదండ్రులే. ఈ వాయిదా చూసి గుండె గుభేలుమంటే ఆ ఆప్షన్ పెట్టొద్దు.

ప్రభుత్వ కాలేజీలో ప్రతి సీటూ చౌక అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో మొదలైన అయిదు కాలేజీల్లో బీ కేటగిరీ (సెల్ఫ్ ఫైనాన్స్) సీటుకు ఏటా 12 లక్షలు, సీ కేటగిరీకి (ఎన్‌ఆర్‌ఐ) 20 లక్షలు పెట్టారు. బాండ్ కూడా ఖర్చు కిందే లెక్క. మహారాష్ట్ర ప్రభుత్వ కాలేజీలో చదివితే ఏడాది సర్వీసు చేయాలి, లేదంటే 10 లక్షలు కట్టాలి. ఇక హౌస్ సర్జన్ స్టైపెండ్: తెలంగాణ ప్రభుత్వ కాలేజీల్లో 2025లో నెలకు 29,792 రూపాయలు చేశారు. ప్రైవేటులో ఎంత ఇస్తారో ఆఫీసులో అడిగితే ఒక అంకె చెబుతారు, హౌస్ సర్జన్లను అడిగితే ఇంకో అంకె వినబడుతుంది. రెండోదే నమ్మండి.

రోగుల విషయానికొస్తే, జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2023 ప్రమాణాల ప్రకారం 150 సీట్ల కాలేజీకి 605 పడకలుండాలి, అందులో 80 శాతం నిండాలి. అంటే ఏ రోజు వెళ్లినా దాదాపు 480 మంది వార్డుల్లో కనబడాలి. ఓపీ సీటుకు ఎనిమిది మంది చొప్పున, రోజుకు 1,200. మామూలు పనిదినం చూసుకుని ఉదయం పదింటికి ఓపీ కౌంటర్ దగ్గర ఓ గంట నిలబడండి. మధ్యాహ్నం మూడింటికి మెడిసిన్ వార్డు ముందు నుంచి నడవండి. వరసగా ఖాళీ మంచాలుంటేనో, పడుకున్నవాళ్ల చేతికి సెలైన్, తలదగ్గర కేస్‌షీట్ లేకపోతేనో అర్థం చేసుకోవడం కష్టం కాదు. హౌస్ సర్జన్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ చేతుల మీదుగా ఎన్ని డెలివరీలు అయ్యాయి?’ తడుముకుంటే ఆ కాలేజీ ఒక మెట్టు కిందికి.

1846 నాటి ఉస్మానియా, 1923 నాటి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ లాంటి చోట్ల కేసులకు కొదవ ఉండదు. కానీ బ్యాచ్ పెద్దది, సూది గుచ్చే అవకాశం ముందు పీజీలకే వెళుతుంది. జిల్లా ఆసుపత్రిని బోధనాసుపత్రిగా మార్చిన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో దీనికి తిరగబడ్డ పరిస్థితి. పీజీలు తక్కువ కాబట్టి పని చేతికొస్తుంది. ప్రొఫెసర్ పోస్టులు ఖాళీగా ఉంటే మాత్రం చెప్పేవాళ్లుండరు. రోగులు లేని ప్రైవేటు కంటే ఇదే నయమని మా అభిప్రాయం.

ఊరంటే ఇంటి నుంచి ఎన్ని కిలోమీటర్లన్నది ఒక్కటే కాదు. మూడో ఏడాదికల్లా రోగి పక్కన కూర్చుని ‘నొప్పి ఎప్పటినుంచి, ఎటు పాకుతోంది’ అని వివరంగా రాబట్టాలి. తమిళమో మరాఠీయో రాకపోతే ఆ ఏడాదంతా తోటి విద్యార్థి అనువాదం మీదే గడుస్తుంది. హాస్టల్ నుంచి ఆసుపత్రి ఎంత దూరమో కూడా చూసుకోండి, నైట్ డ్యూటీలు ఉంటాయి. పీజీకి రాష్ట్ర కోటా సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, సంస్థాగత ప్రాధాన్యాన్ని, అంటే అక్కడే ఎంబీబీఎస్ చదివినవాళ్లకు కొన్ని సీట్లు కేటాయించడాన్ని మాత్రం అనుమతించింది. కాబట్టి ఇప్పుడు ఎక్కడ చేరుతున్నారన్నది పీజీ దాకా వెంట వస్తుంది.

పేరు చివర. కేంద్రం ఏటా ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2024 వైద్య జాబితాలో రెండో స్థానం చండీగఢ్ పీజీఐది, నాలుగు బెంగళూరు నిమ్హాన్స్, ఆరు లక్నో ఎస్‌జీపీజీఐ. ఆ ఏడాది ఈ మూడింటిలోనూ ఎంబీబీఎస్ సీట్లే లేవు. మార్కుల్లో 30 శాతం పరిశోధనకు పోతుంది, మీ పిల్ల వార్డులో ఏం నేర్చుకుంటుందో అందులో కనబడదు. ఎయిమ్స్, జిప్మర్ వస్తే వేరే మాట. అక్కడ ఫీజు నామమాత్రం, రోగులు బోలెడు, పేరు ఊరికే కలిసొస్తుంది.

ఇక వరుస పెట్టడం. సాఫ్ట్‌వేర్ పైనుంచి కిందికి చూస్తూ మీ ర్యాంకుకు దొరికిన మొదటి సీటు ఇచ్చేస్తుంది. పైన ‘రాదులే’ అనుకున్న కాలేజీ పెట్టినంత మాత్రాన కింద సీటు పోదు. నష్టమల్లా, వస్తుందనుకున్నది పైన, కావాలనుకున్నది కింద పెట్టడంలోనే. చేరే ఉద్దేశం లేని కాలేజీని అసలు పెట్టొద్దు. ఆలిండియా కోటా, డీమ్డ్ సీట్ల కౌన్సెలింగ్ జరిపే ఎంసీసీ మొదటి రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోయినా డిపాజిట్ పోదు, రెండో రౌండ్‌లో చేరకపోతే పోతుంది. డీమ్డ్ యూనివర్సిటీలకు అది 2 లక్షలు. అప్‌గ్రేడ్‌కు ఒప్పుకుని పైసీటు వచ్చిందంటే పాతది ఆటోమేటిగ్గా రద్దు, వెనక్కి వెళ్లే దారి లేదు. అందుకే రెండో రౌండ్ జాబితాలో, చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మెరుగనిపించినవే ఉంచి, లాక్ చేసి, ప్రింటవుట్ తీసి దాచుకోండి.