ఫిలిప్పీన్స్ చరిత్రను కలిసి చదవడం: 3వ పాఠం – మొర్గా వాక్యం, రిజాల్ వ్యాఖ్య

గత పాఠాల్లో కాలక్రమం చూశాం: 1565లో స్పెయిన్ పాలన మొదలైంది, 1898లో ద్వీపాలు అమెరికా చేతికి పోయాయి, 1946లో స్వాతంత్ర్యం వచ్చింది. ఈ వారం మీ పఠన బృందం నేర్చుకోవలసింది వేరు. పాలించినవాళ్లు రాసిన పుస్తకాన్ని ఎలా చదవాలి?

ఆంతోనియో దె మొర్గా మనీలాలో స్పెయిన్ ఉన్నతాధికారి, న్యాయమూర్తి. ద్వీపాల సంగతులు రాసి 1609లో మెక్సికోలో అచ్చు వేయించాడు. 1888లో లండన్ చేరిన ఫిలిప్పీన్స్ జాతీయ నాయకుడు, నవలా రచయిత హోసె రిజాల్, బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని ఆ పుస్తకాన్ని చేత్తో ఎత్తి రాసుకున్నాడు. వ్యాఖ్యలు చేర్చి పారిస్‌లో ప్రచురించాడు. దాని మీద ఉన్న సంవత్సరం 1890. అప్పటి చరిత్రలు చాలావరకు క్రైస్తవ సన్యాసులు రాసినవి. మొర్గా సన్యాసి కాదు, పైగా తన కళ్లతో చూసినవాడు. అందుకే రిజాల్ అతన్ని ఎంచుకున్నాడు.

బృందాలు సాధారణంగా రిజాల్ నవలలతో మొదలుపెడతాయి. ఈ వ్యాఖ్యలతో మొదలుపెట్టడమే మేలని నా గట్టి నమ్మకం. నవలలో రచయిత తేల్చి చెప్పినది దొరుకుతుంది. ఇక్కడ అతను ఒక్కో వాక్యం దగ్గర ఆగి ఆలోచించడం కనిపిస్తుంది.

ఇక అభ్యాసం. ఒకరు మొర్గా వాక్యం పైకి చదవాలి. వ్యాఖ్య మీద కాగితం కప్పి ఉంచండి. ద్వీపవాసులు తినే చేప గురించి, అది కుళ్లడం మొదలైతేనే వాళ్లకు రుచి అన్నట్లు మొర్గా రాస్తాడు. ఇందులో అతను కళ్లతో చూసినదెంత, ముక్కుతో తీర్పు చెప్పినదెంత? ప్రతి ఒక్కరూ రెండు వాక్యాలు రాయండి. తరువాతే కాగితం తీయండి. అది కుళ్లిన చేప కాదు, బగోఒంగ్ అంటాడు రిజాల్. ఉప్పు వేసి ఊరబెట్టిన చేప అది. తిన్నవాళ్లకు తేడా తెలుసు. అలవాటు లేని తిండిని ఏ జాతివాళ్లైనా అసహ్యించుకుంటారని కూడా అంటాడు. అవమానించిన వాక్యాన్ని అతను కొట్టివేయలేదు, అలాగే ఉంచి దాని కిందే జవాబు రాశాడు. నాకు అన్నిటికంటే నచ్చిన వ్యాఖ్య ఇదే.

ఓడల నిర్మాణం గురించిన వ్యాఖ్యను కూడా ఇలాగే చదవండి. ఒకప్పుడు పెద్ద ఓడలు కట్టిన ద్వీపాలు ఆ విద్యను ఎలా పోగొట్టుకున్నాయన్నది అక్కడ రిజాల్ వేదన.

అయితే రిజాల్‌నూ ప్రశ్నించాలి. అతని మిత్రుడు ఫెర్డినాండ్ బ్లుమెన్‌ట్రిట్ ఆ పుస్తకానికే ముందుమాట రాస్తూ, పాతకాలపు మనుషులను ఈనాటి కొలతలతో తూచడం సరికాదని మందలించాడు. రిజాల్ ఆ మందలింపును తీసివేయకుండా అచ్చు వేశాడు. కాబట్టి మీ బృందంలో ఒకరు ప్రతిసారీ బ్లుమెన్‌ట్రిట్ పక్షం వహించాలి. ఆ స్థానం వారం వారం మారాలి. లేకపోతే ఆ ఒక్కరే అభ్యంతరాల మనిషిగా మిగిలిపోతారు.

వచ్చే పాఠానికి ఫిలిప్పీన్స్‌లోని లగూనాలో దొరికిన రాగిరేకు శాసనం. స్పెయిన్ రాకకు ఆరు శతాబ్దాలకు పైగా ముందుది, 1989లో వెలుగు చూసింది. ఒక అప్పు తీరిందని చెప్పే పత్రం. శక సంవత్సరం 822, వైశాఖ బహుళ చవితి, సోమవారం అని తేదీ వేసి ఉంది. పంచాంగం తెలిసిన మనకు అది వెంటనే అర్థమవుతుంది. అనువాదం ఒకసారి చదివి, అప్పు ఎవరిది, తీరిందని ప్రకటించే అధికారం ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు జవాబులు రాసుకుని రండి.