మృగశిర చేపలు: బజారు నుంచి పొయ్యి దాకా

మృగశిర కార్తె జూన్ 7నో 8నో వస్తుంది. చేప తినే ఇళ్ళలో ఆ రోజు పులుసు ఉడకాల్సిందే. హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో తెల్లారేసరికి కాలు పెట్టే చోటుండదు. రోహిణి ఎండల వేడి ఇంకా పూర్తిగా దిగదు. సరుకు ఎక్కువ, ఐసు చాలదు, అందరికీ తొందర. చేప కొనేటప్పుడు ఏడాది మొత్తంలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఆ రోజే.

బతికున్న కొరమీను కొంటున్నాం కదా, ఇంకేం భయం అనుకుంటారు చాలామంది. చేప తాజాదే, అందులో అనుమానం లేదు. మరి దాన్ని కోసే మొద్దు సంగతి? ఆరోగ్యంగా ఉన్న చేప కండలో మామూలుగా బాక్టీరియా ఉండదు. ఉండేది పేగుల్లో, మొప్పల్లో, ఒంటిమీది జిగురులో. పొద్దున్నుంచి ఎన్నో చేపల పేగులు తెగిన మొద్దు మీద, అదే కత్తితో కోసి, అదే టబ్బు నీళ్ళలో ముంచి తీస్తే, ఆ బాక్టీరియా అంతా మన ముక్కలకు అంటుకుంటుంది. అందుకే రద్దీ పెరగకముందే వెళ్ళండి. మొద్దు, కత్తి శుభ్రమైన నీళ్ళతో కడిగాకే కోయమనండి. ముక్కల్ని టబ్బులో ముంచొద్దని, ఇంట్లో కడుక్కుంటామని చెప్పండి. మొహమాటం వద్దు. నేను ఎప్పుడూ అడుగుతాను, ఇంతవరకూ ఎవరూ విసుక్కోలేదు.

ఐసులో పెట్టిన రవ్వ, బొచ్చె అయితే మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగితే వదిలేయండి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండకూడదు. అయితే చేప పాతబడిందా లేదా అన్నదే ఇవి చెబుతాయి. సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే బాక్టీరియాకు రంగూ వాసనా ఉండవు.

కానాగంతలు, సూర లాంటి సముద్రపు చేపల విషయం వేరు. చల్లదనం తప్పితే వాటిలో హిస్టమిన్ అనే, ఒంటికి పడని పదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఈ చేపలు ఐసులో నిండా మునిగి ఉంటేనే కొనండి.

కొన్నేళ్ళ కిందట చేపల కవరు బండి హ్యాండిల్‌కు తగిలించుకుని, దారిలో మరో రెండు పనులు చూసుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి ఇంట్లో ముగ్గురికి వాంతులు. కారణం ఆ ఎండేనని నిరూపించలేను గానీ, అప్పటి నుంచి మూతున్న డబ్బాలో ఐసు వేసుకునే వెళ్తున్నాను. ఎండ 32 డిగ్రీలు దాటితే పచ్చి చేప గంటకు మించి బయట ఉండకూడదు. కాబట్టి అన్ని పనులూ అయ్యాక చివర్లో చేపలు కొనండి.

ఇంట్లో ఉప్పు, పసుపు పట్టించి కడిగితే జిగురు, నీచు పోతాయి. బాక్టీరియా చావదు. దాన్ని చంపేది వేడే. ముక్క మధ్యలో కూడా 63 డిగ్రీలు తగలాలి, అంటే లోపల కండ తెల్లబడి ముల్లు నుంచి సులువుగా విడిపోవాలి. కారం పట్టించిన వేపుడు ముక్కల్ని ఫ్రిజ్‌లోనే నానబెట్టండి. చేప కడిగిన సింకును సబ్బుతో తోమాకే కూరగాయలు ముట్టండి.

ఇక పులుసు. మర్నాటికే దానికి అసలు రుచి అన్న మాట నిజమే, నాకూ అలాగే ఇష్టం. కానీ రాత్రంతా పొయ్యి గట్టు మీద వదిలేసే అలవాటు మానాలి. మట్టి చట్టి వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, ఆ గోరువెచ్చదనంలోనే బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. చింతపండు పులుపు ఉందన్న ధీమా ముక్కల విషయంలో పనికిరాదు. మర్నాడు మరగబెడితే బాక్టీరియా చస్తుంది గానీ, అప్పటికే అది వదిలిన విషం కొన్నిసార్లు అలాగే మిగిలిపోతుంది. అందుకే వెడల్పాటి గిన్నెల్లోకి పలచగా తీసి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తినేంత మటుకే తీసి బాగా మరిగించండి.

వాంతులు, విరేచనాలు మొదలైతే వెంటనే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోవద్దు. విరేచనంలో రక్తం, జ్వరం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళండి. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ళైతే అంతవరకూ ఆగొద్దు. ఏ చేప, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.