ఊరి ఫుట్‌బాల్ టీమ్ చరిత్ర రాయాలంటే

"ఏ సంవత్సరం మొదలెట్టారు తాతా?" అని మాత్రం అడక్కండి. మా టీమ్ పాత గోల్‌కీపర్‌ని అలాగే అడిగితే "ఎప్పుడో" అని చుట్ట వెలిగించుకున్నాడు. "86 గోదావరి వరదకి ముందా, తర్వాతా?" అన్నాక కదిలాడు. ముందేనట. గోల్‌పోస్టులుగా పాతిన వెదురుబొంగులు ఆ నీళ్లలోనే కొట్టుకుపోయాయట. ఆ ఏడాది జూన్‌లోనే మారడోనా ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఎత్తాడు కాబట్టి, టీవీ ఎవరింట్లో చూశారో కూడా అడగండి. 1977 దివిసీమ ఉప్పెన, 1984లో ఇందిరాగాంధీ హత్య కూడా ఇలాంటి కొండగుర్తులే.

గ్రూప్ ఫొటో దొరికితే ఫ్రేమ్‌లోంచి పీకొద్దు. నేను పీకితే సెంటర్ ఫార్వర్డ్ మొహం అద్దానికే అంటుకుపోయింది. ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు. నీడలో పెట్టి ఫోన్‌తో తీసుకోండి. పేర్లు ఇద్దరి చేత విడివిడిగా చెప్పించండి.

అన్నిటికన్నా విలువైనది చందాల పుస్తకం. ఎవరెంత ఇచ్చారో కాదు, బంతి లోపల గాలి నింపే రబ్బరు బ్లాడర్ ఎన్నిసార్లు కొన్నారో చూడండి. ఆ ఏడాది ఎంత ఆడారో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

పక్క ఊరికీ వెళ్లండి. మేం 0–4తో ఓడిన మ్యాచ్ సంగతి మా ఊళ్లో ఒక్కరికీ గుర్తులేదు, అక్కడ టీ కొట్టాయన నాలుగు గోల్సూ వరసగా చెప్పాడు.