యూకేలో ఫోన్ కాంట్రాక్ట్ బేరం – 3వ పాఠం: వెళ్లిపోతానని చెప్పడం

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. నెలకి 12 పౌండ్ల సిమ్ ఓన్లీ ప్లాన్ (అంటే ఫోన్ ఇవ్వరు, సిమ్ మాత్రమే), 24 నెలల కాంట్రాక్ట్, జనవరిలో మొదలు, ఏటా ఏప్రిల్‌లో 2 పౌండ్ల పెంపు. మొత్తం ఎంత కడతారు? 12ని 24తో గుణించి 288 అంటే తప్పు. 12 చొప్పున కట్టేది మొదటి మూడు నెలలే. తర్వాత పన్నెండు నెలలు 14, చివరి తొమ్మిది నెలలు 16. అంటే 36, 168, 144 కలిపి 348 పౌండ్లు. సగటున నెలకి 14.50. బేరంలో పోల్చాల్సింది ఈ అంకెనే. ప్రకటనలో పెద్దక్షరాలతో కనిపించే 12 సంగతి మర్చిపోండి. 2025 జనవరి 17 నుంచి కుదిరే కాంట్రాక్టుల్లో పెంపుని ద్రవ్యోల్బణానికి ముడిపెట్టకూడదని, ఎన్ని పౌండ్లో ఎన్ని పెన్నీలో ముందే చెప్పాలని టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ రూలు పెట్టింది. కాబట్టి ఈ లెక్క సంతకానికి ముందే వేసుకోవచ్చు. వేసుకునేవాళ్లే తక్కువ.

ఇక ఈసారి పాఠం. కాంట్రాక్ట్ అయిపోవడానికి 10 నుంచి 40 రోజుల ముందు మీ నెట్‌వర్క్ నుంచి మెసేజో, ఈమెయిలో, ఉత్తరమో వస్తుంది. కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తుంది, ఇప్పుడు ఎంత కడుతున్నారు, తర్వాత ఎంత పడుతుంది, వాళ్ల దగ్గరున్న మంచి ప్లాన్లు ఏమిటి అన్నవి అందులో ఉండాలి. 2020 ఫిబ్రవరి నుంచి ఇది తప్పనిసరి. ప్రకటన అనుకుని డిలీట్ చేసేయకండి. అందులో వాళ్లు చూపించే రేటు బేరానికి ముందు చెప్పే మాట మాత్రమే.

చీరల కొట్లో మనకి బాగా తెలిసిన విద్య ఒకటుంది. నచ్చిన చీరని పక్కన పెట్టి మెట్లు దిగుతాం, వెనక నుంచి "అమ్మా, రండమ్మా, చివరి రేటు చెప్తా" అని పిలుపు వస్తుంది. ఇక్కడ మెట్లు దిగడం అంటే ప్యాక్ కోడ్ తీసుకోవడం, అంటే ఉన్న నంబరుతోనే వేరే నెట్‌వర్క్‌కి వెళ్లడానికి పనికొచ్చే కోడ్. మీ ఫోన్ నుంచి పీ, ఏ, సీ అనే మూడు అక్షరాలు 65075కి మెసేజ్ పెడితే చాలు, నిమిషంలో కోడ్ వచ్చేస్తుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. 2019 జులై 1కి ముందు ఆ కోడ్ కోసం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ లేదు. కోడ్‌కి 30 రోజుల గడువు. వాడకపోతే దాని దారిన అది మురిగిపోతుంది, మీ కాంట్రాక్ట్ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. కానీ వాళ్ల కంప్యూటర్‌లో మాత్రం ఈ కస్టమర్ గడప దాటబోతున్నాడని పడుతుంది. ఒక్కోసారి మీరు ఫోన్ చేసేలోపే మంచి ఆఫర్ మెసేజ్‌గా రావచ్చు.

కాంట్రాక్ట్ నిజంగా అయిపోయిందో లేదో అనుమానముంటే ముందు ఇన్ఫో అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో 85075కి పంపండి. మధ్యలో వెళ్లిపోతే ఏమైనా కట్టాలా, కడితే ఎంత అన్నది జవాబులో ఉంటుంది.

ఒక్క పని మాత్రం చేయొద్దు. కోపంలో "నా కాంట్రాక్ట్ క్యాన్సిల్ చేయండి" అనొద్దు. కొత్త నెట్‌వర్క్‌కి ప్యాక్ కోడ్ ఇస్తే మీ నంబరు అక్కడికి మారగానే పాత కాంట్రాక్ట్ దానంతటదే ముగుస్తుంది. ముందే క్యాన్సిల్ చేయించుకుంటే నంబరు పోవచ్చు. ఆ నంబరుకే బ్యాంకు ఓటీపీలు, వీసా ఖాతా, అన్నీ ముడిపడి ఉంటాయని వేరే చెప్పాలా?

ఇప్పుడు ఫోన్ చేద్దాం. ఈఈ వాళ్లకి 150, వొడాఫోన్‌కి 191, ఓ2కి 202, త్రీకి 333. రికార్డ్ చేసిన గొంతు ఎందుకు ఫోన్ చేశారని అడిగితే "లీవింగ్" అనండి. బిల్లు అనో, అప్‌గ్రేడ్ అనో అంటే అమ్మకాల వాళ్ల దగ్గరికి పోతుంది, వాళ్లకి తగ్గించే అధికారం తక్కువ. మనక్కావాల్సింది వెళ్లిపోయేవాళ్లని ఆపే విభాగం. దాన్ని రిటెన్షన్స్ అంటారు.

మాట ఇలా సాగుతుంది. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవి.

"మమ్మల్ని వదిలి ఎందుకు వెళ్లాలనుకుంటున్నారు?"

"నా కాంట్రాక్ట్ ఈ నెల 18తో అయిపోతోంది. ఫోన్ డబ్బు తీరిపోయింది. 30 జీబీ సిమ్ ఓన్లీ నాకు బయట నెలకి 8 పౌండ్లకి వస్తోంది, 30 రోజుల ప్లాన్. ప్యాక్ కోడ్ తీసుకున్నాను. మీరు ఎంతకి ఇవ్వగలరో చెబితే చూస్తాను."

"మీకోసం ప్రత్యేకంగా 16 పౌండ్లకి 100 జీబీ ఇస్తానండీ."

"నేను నెలకి 12 జీబీ కూడా దాటను. డేటా తగ్గించండి, రేటూ తగ్గించండి."

"అయితే 11 పౌండ్లు, 24 నెలలు."

"12 నెలలకైతే ఎంత? ఏప్రిల్‌లో ఎంత పెరుగుతుంది?"

మీ మొదటి మాటలో నాలుగు సంగతులున్నాయి చూడండి: తేదీ, తీరిన బాకీ, బయటి రేటు, కోడ్. ఇంకేమీ లేదు. ఎన్నేళ్ల నుంచి మీ దగ్గరే ఉన్నాను, ఇదేనా గౌరవం అనే ధోరణి పనికిరాదు, అవతలి వాళ్లకి తెరమీద కనిపించే ఆఫర్లు దానివల్ల మారవు. ఇక 100 జీబీ ఆశ చూపడం అందరికీ వేసే గాలమే. బిల్లు తగ్గించమంటే డేటా పెంచుతారు. గత మూడు నెలల్లో ఎంత వాడారో యాప్‌లో చూసి కాగితం మీద రాసుకుని కూర్చుంటే ఆ గాలానికి దొరకరు.

"మా కవరేజీ వాళ్లకి లేదండీ" అన్న మాట తప్పకుండా వస్తుంది. కానీ చవకగా ఇచ్చే చిన్న నెట్‌వర్క్‌లు పెద్దవాటి టవర్లే వాడుకుంటాయి. టెస్కో మొబైల్, గిఫ్‌గాఫ్ నడిచేది ఓ2 మీద. వాక్సీ, లెబారా వొడాఫోన్ మీద. స్మార్టీ, ఐడీ మొబైల్ త్రీ మీద. టవర్లు అవే. వైఫై కాలింగ్ లాంటివి కొన్నిటిలో ఉండకపోవచ్చు, అది మాత్రం చూసుకోండి. కాబట్టి మీరు చెప్పిన బయటి ప్లాన్ వీళ్ల టవర్ల మీదే నడిచేదైతే "ఆ నెట్‌వర్క్ మీ టవర్ల మీదే నడుస్తుంది కదండీ" అని మెల్లగా అనేయండి. ఆ మాట తర్వాత కాసేపు ఏమీ వినిపించదు. ఆ ఖాళీని మీరు నింపకండి. బేరంలో నాకు తెలిసినంతలో ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. కొట్లో లేని మొహమాటం, ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడేసరికి ఎక్కడినుంచో వచ్చి కూర్చుంటుంది.

దీనికే ఇంకో తోక ఉంది. వింటున్నానని చెప్పడానికి మనం "ఓకే, ఓకే" అంటూ ఉంటాం. అవతల అది ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది, కాల్ రికార్డ్ అవుతోంది. "వింటున్నాను, ఇంకా ఒప్పుకోలేదు" అని ముందే చెప్పండి. నచ్చినా సరే, కాంట్రాక్ట్ సారాంశం ఈమెయిల్‌కి పంపమనండి. ఒప్పుకోకముందే అది మీ చేతికి రావాలన్నది నియమం. అందులో నెల రేటు, పెంపు, గడువు మీరు విన్నట్టే ఉన్నాయో చూసుకుని అప్పుడు సరే అనండి. ఫోన్‌లోనో, ఆన్‌లైన్‌లోనో ఒప్పుకుంటే మనసు మార్చుకోవడానికి 14 రోజులుంటాయి. షాపుకెళ్లి సంతకం పెడితే చట్టప్రకారం ఆ హక్కు ఉండదు. ఇంగ్లీషు యాసలతో టెన్షన్ అనుకుంటే లైవ్ చాట్ వాడండి, ప్రతి మాటా రాతలో మిగులుతుంది.

రేటు ఇక దిగకపోతే ఇండియా కాల్ నిమిషాలు, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు రోమింగ్ అడగండి. కుదరదంటే థాంక్స్ చెప్పి పెట్టేసి మర్నాడు మళ్లీ చేయండి. ఇంకో మనిషి ఎత్తుతారు, ఇంకో రేటు రావచ్చు. కోడ్ గడువు ఇంకా ఉంది, తొందరేమీ లేదు.

తొందరపెట్టేది ఒక్కరే, మోసగాడు. కాంట్రాక్ట్ ముగిసే రోజుల్లో "మీ నెట్‌వర్క్ నుంచి మాట్లాడుతున్నాం, సగం ధరకే ఇస్తాం, ఇప్పుడొచ్చిన కోడ్ చదవండి" అని ఫోన్లు వస్తాయి. ఆ ఓటీపీ చదివితే మీ ఖాతాలోకి దూరి మీ పేరు మీద ఖరీదైన ఫోన్ ఆర్డర్ చేస్తారు. వచ్చిన కాల్‌లో బేరం వద్దు. పెట్టేసి, పైన ఇచ్చిన నంబరుకి మీరే చేయండి.

స్టూడెంట్ వీసా, గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట. 24 నెలల ఆఫర్ ఎంత చవకగా కనిపించినా వీసా గడువు పక్కన పెట్టి చూడండి. ఇండియా వెళ్లిపోయాక కూడా మిగిలిన నెలల డబ్బు అడుగుతారు. ఒకట్రెండు పౌండ్లు ఎక్కువైనా 30 రోజుల సిమ్ మీద ఉండటమే మీకు నయం. చాలావాటికి క్రెడిట్ చెక్ (మీ అప్పుల చరిత్ర చూడటం) కూడా ఉండదు.

ఈ వారం అభ్యాసం: మీ నెట్‌వర్క్ 24 నెలల కాంట్రాక్ట్ మీద కొత్త ఫోన్ ఇస్తానంది. ముందు 30 పౌండ్లు, నెలకి 34, పెంపు లేదనుకోండి. అదే ఫోన్ బయట 480కి దొరుకుతోంది, సిమ్ నెలకి 10. రెండు దారుల్లో మొత్తం ఎంతవుతుందో, పాత ఫోన్ అమ్మితే లెక్క ఎటు తిరుగుతుందో రాసి ఉంచుకోండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది, నంబరు కొత్త నెట్‌వర్క్‌కి మారే రోజున ఓటీపీలు, వాట్సాప్ ఏమవుతాయో కూడా అందులోనే.