పండక్కి జేజి దగ్గరకు పోవాలా వద్దా?

కరోనా లాంటి జబ్బు తిరుగుతున్నప్పుడు పండగొస్తే ఇంట్లో ఒకటే రగడ. పోతే ముసలోళ్లకు అంటిస్తామేమోనని టెన్షన్, పోకుంటే వాళ్లు అలుగుతారని బాధ. 2022 సంక్రాంతికి, ఒమిక్రాన్ జోరు మీదున్నప్పుడు, మేం ఒక లెక్క పెట్టుకున్నాం. మీకూ పనికొస్తుంది.

పోయే రోజు నుంచి వెనక్కి కనీసం ఐదు రోజులు లెక్కేయండి. ఆ మధ్యలో పెళ్లికో, సినిమాకో పోయుంటే ప్రయాణం వాయిదా వేయండి. గొంతు కాస్త గరగరమన్నా అంతే. టెస్టులో నెగటివ్ వచ్చింది కదా అంటారు. సోకిన ఒకటి రెండు రోజుల్లో చేస్తే నెగటివే రావచ్చు. అందుకే టెస్టు వారం ముందు కాదు, బయల్దేరే రోజు పొద్దున చేసుకోవాలి.

ఇంత చేసి, బెంగళూరు నుంచి తాడిపత్రికి కిక్కిరిసిన ఏసీ బస్సెక్కితే జాగ్రత్తంతా గంగపాలే. మేం కారు మాట్లాడుకుని, అద్దాలు దించుకుని పోయాం.

జేజి ఇంట్లోకి పోలేదు. వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని కూర్చున్నాం. ఆరుబయట గాలి ఆడుతుంది కాబట్టి అంటుకునే భయం తక్కువ. ఓళిగలు, నెయ్యిగిన్నె అరుగు మీద పెట్టి ఆమె గడప దగ్గర కూర్చుంది. "నా ఇంటికొచ్చి బయట తింటారేందిరా" అని కాసేపు గొణిగింది. ఆమెకు చెవుడు. మాస్కులోంచి అరిచి మాట్లాడాల్సి వచ్చింది, అదొక్కటే తంటా.